వెలి వేసినా నియమం వదల్లేదు
ఆస్ట్రేలియా తొలి పునీతురాలు మేరీ మెకిలప్ జీవితం

తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వేర్‌హౌస్ షిఫ్టుకి పరుగెత్తే ముందు, గదిలో అలమరా మీద పెట్టుకున్న చిన్న వెంకన్న పటానికి దండం పెట్టుకునేవాళ్లు మనలో ఎంతమంది లేరు? టాక్సీ పక్కకి ఆపి, డిక్కీలోంచి చాప తీసి నమాజు చేసుకునే హైదరాబాదీ తమ్ముళ్లూ ఉన్నారు. వారమంతా ఓల్డేజ్ హోములో డ్యూటీ చేసి, ఆదివారం ఒక్క పూట ప్రార్థనకి వెళ్లడం కోసం ఓవర్‌టైమ్ వదులుకునే చెల్లెళ్లూ ఉన్నారు. ఊరు దాటి వచ్చాక నియమం పాటించడం అంత తేలిక కాదు. ఇంటి దగ్గరైతే అమ్మ లేపేది. ఇక్కడ లేపేవాళ్లు లేరు, మానేస్తే అడిగేవాళ్లూ లేరు. అయినా కొందరు మానరు. దేవుడికి ఒక మాట ఇచ్చాం కదా, అది నిలబెట్టుకోవాలి అంటారు.

అలా మాట నిలబెట్టుకున్నందుకే తన మతపెద్ద చేతుల్లో వెలికి గురైన ఒక ఆడకూతురి కథ ఇది. వలస వచ్చిన పేదింటి బిడ్డ. ఇల్లు గడవక పద్నాలుగు, పదిహేనేళ్ల వయసు నుంచే పనిలో చేరిన పిల్ల. ఈనాడు ఆస్ట్రేలియా మొత్తానికి ఉన్న ఒకే ఒక్క కేథలిక్ పునీతురాలు. పేరు మేరీ మెకిలప్.

ఫిట్జ్‌రాయ్‌లో పుట్టిన వలస బిడ్డ

మెల్‌బోర్న్‌లో 11వ నంబర్ ట్రామ్ ఎక్కి బ్రన్స్‌విక్ స్ట్రీట్ మీదుగా వెళ్లే మనవాళ్లకు ఆ వీధి కాఫీ హోటళ్లూ, బట్టల షాపులే గుర్తుంటాయి. ఆ వీధిలోనే 1842 జనవరి 15న మేరీ పుట్టింది. అప్పటికి మెల్‌బోర్న్ ఊరు మొదలై పట్టుమని పదేళ్లు కూడా కాలేదు. మన గుంటూరులో ఫాదర్ హయ్యర్ వచ్చి దిగిన సంవత్సరం కూడా అదే, 1842. అంటే మన కోస్తాలో మిషన్ బడులు కళ్లు తెరుస్తున్న కాలంలోనే ఇక్కడ ఈ పిల్ల ఉయ్యాల్లో ఉందన్నమాట.

తండ్రి అలెగ్జాండర్, తల్లి ఫ్లోరా. ఇద్దరూ స్కాట్లాండ్ కొండప్రాంతం నుంచి ఓడెక్కి వచ్చినవాళ్లే. ఇక్కడే కలుసుకుని 1840లో పెళ్లి చేసుకున్నారు. అలెగ్జాండర్ ప్రీస్టు కావాలని రోమ్ దాకా వెళ్లి చదివి, ఆ చదువు మధ్యలో వదిలేసిన మనిషి. బాగా చదువుకున్నాడు, భక్తి ఉంది. డబ్బు నిలుపుకోవడం మాత్రం చేతకాదు. పట్టిందల్లా నష్టమే. ఎనిమిది మంది సంతానంలో మేరీ పెద్దది. ఇల్లు నిలకడగా ఉన్న రోజులు తక్కువ. ఇవాళ ఈ బంధువు దగ్గర, రేపు ఆ బంధువు దగ్గర. ఇంట్లో పెద్దబిడ్డగా పుట్టినవాళ్లకు మనలో చాలామందికి తెలిసిన బాధే ఇది.

అయితే తండ్రి ఇచ్చిన ఆస్తి ఒకటుంది. చదువు, ప్రార్థన. బడికి పంపే స్తోమత సరిగ్గా లేకపోయినా ఇంట్లోనే కూర్చోబెట్టి నేర్పాడు. మేరీ చిన్న వయసులోనే మెల్‌బోర్న్‌లోని సాండ్స్ అండ్ కెన్నీ అనే స్టేషనరీ కంపెనీలో గుమాస్తాగా చేరింది. వచ్చిన జీతం ఇంటికి పోయేది. లోపల మాత్రం ఒక కోరిక. దేవుడికి జీవితం ఇచ్చేయాలి. కానీ ఇంటిల్లిపాదీ తన సంపాదన మీద ఆధారపడి ఉంటే మఠంలో ఎలా చేరుతుంది? ఆ కోరికను మనసులోనే దాచుకుని ఏళ్ల తరబడి ఉద్యోగం చేసింది.

పెనోలాలో గుర్రపుశాల బడి

1860లో పద్దెనిమిదేళ్ల మేరీ దక్షిణ ఆస్ట్రేలియాలోని పెనోలా అనే చిన్న ఊరికి వెళ్లింది. అక్కడ మేనత్త, మామల ఎస్టేటులో వాళ్ల పిల్లలకు చదువు చెప్పే పని. ఆమె ఆ పిల్లలకే చెప్పి ఊరుకోలేదు. చుట్టుపక్కల పొలాల్లో పనిచేసే కూలీల పిల్లల్ని కూడా కూర్చోబెట్టుకుంది.

ఆ ఊరి గురువు జూలియన్ టెనిసన్ వుడ్స్. ఇంగ్లండులో పుట్టినవాడు. వింత మనిషి. ఒక చేత్తో బైబిలు, ఇంకో చేత్తో రాళ్లు, శిలాజాలు. దక్షిణ ఆస్ట్రేలియా భూగర్భం మీద 1862లో పుస్తకం కూడా వేశాడు. వందల మైళ్ల మేర విస్తరించిన తన విచారణలో గుర్రం మీద తిరుగుతుంటే ఆయనకు కనిపించింది ఒకటే: ఎక్కడ చూసినా చదువులేని పిల్లలు. గొర్రెల కాపరులు, చెక్క కొట్టేవాళ్లు, గనుల్లో పనిచేసేవాళ్లు. వాళ్ల దగ్గర ఫీజు కట్టే డబ్బు లేదు. యూరప్ నుంచి వచ్చే పెద్ద పెద్ద మఠాల సిస్టర్లు పట్నాల్లోనే ఉంటారు, పల్లెలకు రారు. మరి ఈ పిల్లల గతేమిటి?

ఇద్దరి ఆలోచనా ఒకటైంది. మధ్యలో కొన్నేళ్లు మేరీ పోర్ట్‌లాండ్ ఊళ్లో టీచరుగా చేసి ఇంటిని పోషించింది. చివరికి 1866లో చెల్లెళ్లిద్దరితో కలిసి పెనోలా తిరిగి వచ్చింది. వాడకుండా పడి ఉన్న ఒక గుర్రపుశాలను తమ్ముడు జాన్ బాగుచేసి ఇచ్చాడు. అందులోనే బడి. ఫీజు ఇవ్వగలిగితే ఇవ్వొచ్చు, లేకపోతే లేదు. ఆ సంవత్సరం మార్చి 19, పునీత జోజప్పగారి పండుగ రోజు. మేరీ మామూలు బట్టలు మానేసి సాదా నల్లగౌను వేసుకుంది. పెద్ద తంతు ఏమీ లేదు. ఆ రోజే సెయింట్ జోసెఫ్ సిస్టర్ల సభ పుట్టినరోజుగా లెక్క.

మరుసటి ఏడాది మకాం అడిలైడ్‌కి మారింది. 1867 ఆగస్టు 15న ఆమె మాటపట్టు ఇచ్చింది. అప్పటినుంచి పేరు మేరీ ఆఫ్ ది క్రాస్. అంటే సిలువ మేరీ. జనం మదర్ మేరీ అన్నారు. మనమూ ఇక్కణ్ణుంచి అలాగే పిలుద్దాం.

ఆ నియమావళిలో ఏముంది?

ఈ కథకు ప్రాణం ఒక చిన్న పుస్తకం. వుడ్స్ గురువు రాసిన ఆ సభ నియమావళి. 1868 చివర్లో అడిలైడ్ బిషప్ లారెన్స్ షీల్ దానికి ఆమోదం తెలిపారు. దానిలో ఉన్న ముఖ్యమైన సంగతులు వింటే ఆ రోజుల్లో అది ఎంత కొత్తదో అర్థమవుతుంది.

సిస్టర్లకు సొంత ఆస్తి ఉండకూడదు. సభకు కూడా భూములు, భవనాలు ఉండకూడదు. దేవుడు ఏ పూటకాపూట చూసుకుంటాడన్న నమ్మకం మీదే బతకాలి. డబ్బు తక్కువైతే వీధుల్లోకి వెళ్లి అడిగి తెచ్చుకోవాలి. ఎక్కడ అవసరం ఉంటే అక్కడికి వెళ్లాలి. ఇద్దరో ముగ్గురో కలిసి జనం మధ్య మామూలు ఇంట్లో ఉండాలి. చదువుకున్న సిస్టర్లు పైమెట్టు, వంటా ఊడ్పూ చేసే సిస్టర్లు కిందిమెట్టు అనే తేడా ఉండకూడదు. యూరప్ మఠాల్లో అలాంటి తేడా మామూలే. ఇక ఆఖరి సంగతి: ఏ ఊళ్లో ఉన్నా సిస్టర్లందరికీ ఒకే పెద్ద ఉండాలి, ఆ పెద్దను సిస్టర్లే ఎన్నుకోవాలి. ఒక్కో ఊరి గురువు, ఒక్కో జిల్లా బిషప్ తనకు తోచినట్టు వాళ్లను విడగొట్టకూడదు.

మదర్ మేరీకి ఇది ఆఫీసు రూల్సు పుస్తకం కాదు. దేవుడి ముందు మోకరించి ఇచ్చిన మాట. పొద్దున్నే లేవడం, ప్రార్థన, పూజ, బడి, మళ్లీ ప్రార్థన, మౌనం, ఉపవాసం. ఇవన్నీ భక్తి పొంగినప్పుడు చేసి, పొంగనప్పుడు మానేసే పనులు కావు. మనసు బాగున్నా బాగోకపోయినా చేసేదే నియమం. దేవుడి చిత్తం తన మీద ఏమిటో రోజూ పొద్దున్నే ఈ నియమం రూపంలో తెలుస్తుందన్నది ఆమె నమ్మకం. ఆమె ఉత్తరాలన్నిటిలో మళ్లీ మళ్లీ కనిపించే ఊసు కూడా అదే, దేవుడి చిత్తం.

పల్లెల్లో సిస్టర్ల బతుకు మన ఊహకు అందేది కాదు. రేకుల షెడ్డు, గుడారం, ఎండ, ధూళి. గురువు వచ్చేదాకా వారాల తరబడి పూజ ఉండదు. పూజ కోసం మైళ్ల దూరం వెళ్లాల్సిన చోట్లున్నాయి. అయినా సభలో చేరే అమ్మాయిలు ఆగలేదు. 1871 నాటికి దాదాపు 130 మంది సిస్టర్లు, దక్షిణ ఆస్ట్రేలియా, క్వీన్స్‌లాండ్‌లలో కలిపి 40కి పైగా బడులు, సేవాకేంద్రాలు. అనాథ పిల్లలకు ఒకటి, జైలు నుంచి విడుదలై దిక్కులేని ఆడవాళ్లకు ఒకటి, ముసలివాళ్లకు ఒకటి. అన్నీ అడుక్కొచ్చిన డబ్బుతోనే.

1871 సెప్టెంబర్ 22

ఇంత వేగంగా ఎదిగితే కళ్లు మండేవాళ్లు ఉంటారు. కారణాలు చాలా. వుడ్స్ గురువు డబ్బు లెక్కలు చూడ్డంలో అజాగ్రత్త మనిషి, అప్పులు పెరిగాయి. కొందరు గురువులకు సిస్టర్లు తమ చెప్పుచేతల్లో లేకపోవడం నచ్చలేదు. దీనికి తోడు ఇంకో సంగతి. కపుందా అనే ఊళ్లో ఒక గురువు పిల్లల పట్ల చెడుగా ప్రవర్తిస్తున్నాడని సిస్టర్లకు తెలిసింది. వాళ్లు నోరుమూసుకోలేదు, పైవాళ్లకు చెప్పారు. ఆ గురువును ఐర్లాండ్ పంపేశారు. దాంతో అతని స్నేహితుడైన ఇంకో గురువుకు ఈ సిస్టర్ల మీద కక్ష పుట్టింది. ఆ గురువు తర్వాత బిషప్ పక్కన చేరాడు. ఈ సంగతి 2010లో బయటి ప్రపంచానికి బాగా తెలిసింది.

బిషప్ షీల్ వాటికన్ మహాసభ కోసం రోమ్ వెళ్లి 1871లో తిరిగొచ్చారు. ఆరోగ్యం పాడైంది. చుట్టూ ఉన్నవాళ్లు చెప్పిందే చెవిన పడుతోంది. తాను ఆమోదించిన నియమావళినే మార్చాలనుకున్నారు. సిస్టర్లలో పైమెట్టు, కిందిమెట్టు రావాలి. ఒక్కో మఠం ఆ ఊరి గురువు కింద ఉండాలి. అంటే సభ నడుం విరిచినట్టే.

మదర్ మేరీ ముందు పెద్ద చిక్కు వచ్చి పడింది. బిషప్ మాట వినడం కూడా కేథలిక్ సిస్టర్‌కి ధర్మమే. విధేయత ఆమె మాటపట్టులో ఒకటి. మరి దేవుడికి ఇచ్చిన మాటను బిషప్ మార్చమంటే? ఆమె బిషప్‌ని ధిక్కరించలేదు, తిట్టలేదు, జనాన్ని పోగేయలేదు. మీరు నియమావళి మార్చదలిస్తే అది మీ అధికారం, కానీ నేను మాట ఇచ్చింది పాత నియమానికి, మార్చినదాన్ని నా అంతరాత్మ ఒప్పుకోదు అని అర్థం వచ్చేలా వినయంగా తెలియజేశారు. ఇంకేముంది, అది తిరుగుబాటు అన్నారు.

1871 సెప్టెంబర్ 22 పొద్దున్న. అడిలైడ్ మఠంలోని చాపెల్. బిషప్ పూజావస్త్రాలతో వచ్చారు, వెంట గురువులు. సిస్టర్లందరినీ పిలిచారు. అందరి ముందూ మదర్ మేరీ మోకరించి ఉండగా అవిధేయత నేరం మోపి ఆమెను వెలి వేశారు. అప్పుడామె వయసు 29.

వెలి అంటే మన పల్లెల్లో పుట్టినవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, పలకరించరు. ఆమెకు పడిన వెలి అంతకంటే లోతైనది. పూజకు రాకూడదు, దివ్యసత్ప్రసాదం తీసుకోకూడదు. ఏ ఆరాధన కోసం జీవితాన్ని ధారపోసిందో ఆ ఆరాధన తలుపులే మూసేశారు. ఆమెతో ఎవరూ మాట్లాడకూడదన్నారు. ఆమె పక్షాన నిలిచిన దాదాపు యాభై మంది సిస్టర్లను కూడా పంపేశారు. మఠాలు చాలావరకు మూతపడ్డాయి. సిస్టర్లు చుట్టాల ఇళ్లల్లో, తెలిసినవాళ్ల పంచన తలదాచుకున్నారు.

తలుపు తీసినవాళ్లెవరు?

ఇక్కడే కథలో మనసుకు హత్తుకునే సంగతి ఉంది. సొంత మతంవాళ్లు చాలామంది భయపడి తలుపులేసుకుంటే, ఇమ్మాన్యుయేల్ సాలమన్ అనే యూదు వ్యాపారి తన ఇల్లు అద్దె లేకుండా ఇచ్చాడు. అతనెవరో తెలుసా? 1818లో ఖైదీగా ఓడలో ఆస్ట్రేలియాకు తీసుకొచ్చిన మనిషి. శిక్ష ముగిసి, కష్టపడి వ్యాపారం చేసి, దక్షిణ ఆస్ట్రేలియా చట్టసభ దాకా ఎదిగాడు. వెలి బాధ అతనికి తెలుసు కాబట్టే కాబోలు, వెలిపడ్డ క్రైస్తవ సిస్టర్లకు ఆ యూదుడు నీడనిచ్చాడు. జోవన్నా బార్ స్మిత్ అనే ప్రొటెస్టెంట్ సంపన్నురాలు కూడా ఆమెకు జీవితాంతం స్నేహితురాలిగా ఉండి అవసరానికి ఆదుకుంది. ఈ వెలి చెల్లదని నమ్మిన జెస్యూట్ గురువులు అండగా నిలిచారు.

పత్రికల్లో గోల మొదలైంది. మదర్ మేరీ ఒక్క మాట బిషప్‌కి వ్యతిరేకంగా అని ఉంటే జనం ఆమె వెంట నడిచేవాళ్లే. అనలేదు. సిస్టర్లను కూడా అననివ్వలేదు. ఆయన కోసం ప్రార్థించమన్నారు. మనమైతే ఆ స్థితిలో ఏం చేసేవాళ్లమో ఒక్కసారి ఆలోచించుకోవాలి. సూపర్‌వైజర్ అన్యాయంగా ఒక్క మాట అంటేనే రాత్రంతా నిద్రపట్టదు మనకు.

అయిదు నెలలు గడిచాయి. 1872 ఫిబ్రవరిలో మంచం మీద ఆఖరి రోజుల్లో ఉన్న బిషప్ షీల్ తన తప్పు తెలుసుకున్నారు. వెలి ఎత్తేయమని ఆదేశించారు. మార్చి 1న కన్నుమూశారు. మదర్ మేరీ మళ్లీ గోధుమరంగు గౌను వేసుకున్నారు. చెల్లాచెదురైన సిస్టర్లు ఒక్కొక్కరే తిరిగి వచ్చారు.

రోమ్‌కి ఒంటరి ప్రయాణం

ఇలాంటి గండం మళ్లీ రాకూడదంటే నియమావళికి రోమ్ ముద్ర పడాలి. 1873లో ఆమె మామూలు ఆడమనిషి వేషంలో, మారుపేరుతో ఓడెక్కారు. ఒంట్లో ఆరోగ్యం అంతంత మాత్రం, చేతిలో డబ్బు అంతకంటే తక్కువ. భాష రాని ఊరు. వీసా ఆఫీసు ముందు క్యూలో నిలబడ్డవాళ్లకు ఆ గుబులు తెలుసు. రోమ్‌లో తొమ్మిదో పయస్ పోపుగారు ఆమెను దయగా చూశారు. ఆమెకు పడిన వెలి సంగతి ఆయనకు తెలుసు.

రోమ్ ఇచ్చిన తీర్పు సగం తీపి, సగం చేదు. సిస్టర్లందరికీ ఒకే పెద్ద ఉండొచ్చు, బిషప్‌లు విడగొట్టనక్కర్లేదు. ఇది ఆమె కోరుకున్నదే. కానీ సభకు ఆస్తి అసలే ఉండకూడదన్న పేదరికపు నియమాన్ని మాత్రం సడలించారు. ఆస్తి లేకుండా ఇంత పెద్ద సంస్థ నడవదన్నారు. మదర్ మేరీకి అది బాధే. అయినా ఒప్పుకున్నారు. వుడ్స్ గురువు ఒప్పుకోలేకపోయారు. తన కలను పాడుచేశారని నొచ్చుకున్నారు. ఇద్దరి మధ్యా దూరం పెరిగింది. ఆయన 1889లో సిడ్నీలో చనిపోయేదాకా ఆ పాత చనువు తిరిగి రాలేదు.

ఇక్కడ ఎవరికైనా ఒక ప్రశ్న రావాలి. బిషప్ నియమం మారిస్తే వినలేదు, రోమ్ మారిస్తే విన్నారు. ఇదేం న్యాయం? ఆమె దృష్టిలో రెండూ ఒకటి కావు. అడిలైడ్‌లో బిషప్ కోరిన మార్పు సభ ప్రాణాన్నే తీసేది. పైగా తను ఆమోదించినదాన్ని తనే కాదనడం. రోమ్ దగ్గరికి మాత్రం ఆమే తీర్పు కోరి వెళ్లారు. తీర్పు కోరి వెళ్లి, నచ్చిన ముక్క తీసుకుని నచ్చని ముక్క వదిలేస్తే అది విధేయత కాదు, బేరం. ఆమె బేరగత్తె కాదు. తన ఇష్టం వేరు, దేవుడి చిత్తం వేరు కావచ్చని ఒప్పుకోగలిగింది కాబట్టే ఆమె మొదటిసారి కాదన్నది పంతం కాదని మనకు తెలుస్తోంది.

1875 మొదట్లో ఐర్లాండ్ నుంచి 15 మంది అమ్మాయిల్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చారు. ఆ ఏడాదే సిస్టర్లు ఆమెను సభ పెద్దగా ఎన్నుకున్నారు.

పదవి పోయినా పని ఆగలేదు

కష్టాలు తీరలేదు. క్వీన్స్‌లాండ్‌లో ఒక బిషప్, బాథర్స్ట్‌లో ఆయన తమ్ముడైన ఇంకో బిషప్, ఇద్దరూ సిస్టర్లు తమ కిందే ఉండాలన్నారు. కట్టిన బడులు వదిలేసి సిస్టర్లు రెండు చోట్లనుంచీ తరలిపోవాల్సి వచ్చింది. 1883లో అడిలైడ్‌లో బిషప్ విచారణ జరిపించారు. నొప్పుల బాధకు డాక్టరు రాసిచ్చిన బ్రాందీ తాగినందుకు తాగుబోతు అన్న నింద కూడా వేశారు. ఊరు విడిచి పొమ్మన్నారు. ఆమె సిడ్నీ చేరారు.

1885లో ఇంకో దెబ్బ. ఆమె ఎన్నిక చెల్లదని చెప్పి మదర్ బెర్నార్డ్ అనే సిస్టర్‌ని సభ పెద్దగా నియమించారు. నిన్నటిదాకా తన కింద పనిచేసిన మనిషి ఇవాళ తన పైన. ఆఫీసుల్లో ఇలాంటిది జరిగితే మనవాళ్లు రాజీనామా జేబులో పెట్టుకు తిరుగుతారు. మదర్ మేరీ మాత్రం పదమూడేళ్లు ఆమె మాట విని పనిచేశారు. ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లారు. వెలి పడిన ఆ అయిదు నెలల కంటే ఈ పదమూడేళ్లే కష్టమైనవని నాకనిపిస్తుంది. వెలి పడినప్పుడు ప్రపంచమంతా చూస్తుంది, జాలిపడుతుంది. మామూలు ఉద్యోగిలా తలొంచుకుని రోజూ అదే గంటకు లేచి, అదే ప్రార్థన చేసి, అదే పని చేస్తుంటే చూసేవాళ్లెవరు?

మధ్యలో 1886 మే 30న తల్లి ఫ్లోరా సిడ్నీకి కూతురి దగ్గరికి ఓడలో వస్తుంటే గ్రీన్ కేప్ దగ్గర ఆ ఓడ మునిగిపోయింది. 71 మంది చనిపోయారు. వాళ్లలో ఆమె కూడా ఉంది. దూరదేశాల్లో ఉండి ఇంటినుంచి అలాంటి కబురు అందుకున్నవాళ్లకు ఆ దుఃఖం వేరే చెప్పక్కర్లేదు. దాన్ని కూడా ఆమె ప్రార్థనలోనే దిగమింగుకున్నారు.

1888లో పదమూడో లియో పోపుగారు సభకు రోమ్ రక్షణ ఖాయం చేశారు. ఒకే పెద్ద, ఒకే సభ. ఆమె వెలి పడింది దేనికోసమో అది చివరికి నిలిచింది. అయితే ఆ పెద్ద కుర్చీలో ఆమె లేరు. దానికి ఆమెకు బాధా లేదు.

1898లో మదర్ బెర్నార్డ్ చనిపోయాక, 1899లో సిస్టర్లు మళ్లీ మదర్ మేరీనే ఎన్నుకున్నారు. 1902లో న్యూజిలాండ్‌లోని రోటోరువాలో పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నారు. చక్రాల కుర్చీలో కూర్చునే ఉత్తరాలు రాశారు. 1905లో మళ్లీ ఆమెనే ఎన్నుకున్నారు. 1909 ఆగస్టు 8న నార్త్ సిడ్నీ మఠంలో కన్నుమూశారు. వయసు 67. అప్పటికి ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కలిపి సుమారు 650 మంది సిస్టర్లు, వందకు పైగా బడులు.

మట్టి మూటగట్టుకుపోయిన జనం

గోర్‌హిల్ శ్మశానంలో పాతిపెడితే జనం వచ్చి సమాధి మట్టి కొంచెం కొంచెం తీసుకుపోసాగారు. 1914లో ఆమె దేహాన్ని నార్త్ సిడ్నీ మౌంట్ స్ట్రీట్‌లోని చాపెల్‌కి తరలించారు. అక్కడి సమాధి కట్టడానికి ఖర్చు పెట్టింది ఆ పాత స్నేహితురాలు, ప్రొటెస్టెంటు జోవన్నాయే. 1995 జనవరి 19న రెండో జాన్‌పాల్ పోపుగారు సిడ్నీ రాండ్విక్ రేస్‌కోర్సులో ఆమెను ధన్యురాలిగా ప్రకటించారు. 2010 అక్టోబర్ 17న పదహారో బెనడిక్ట్ పోపుగారు రోమ్‌లో పునీతురాలిగా ప్రకటించారు. ఏ చర్చి పెద్ద ఆమెను వెలి వేశాడో ఆ చర్చే గుడిలో నిలబెట్టింది. మధ్యలో నూట ముప్పై తొమ్మిదేళ్లు పట్టింది.

సిడ్నీలో ఉన్నవాళ్లు నార్త్ సిడ్నీ స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ వెళ్లి ఆ చాపెల్ చూడొచ్చు. పట్నపు ఆఫీసు మేడల మధ్య ఉంటుంది. ఏ మతంవాళ్లయినా కాసేపు కూర్చోవచ్చు.

మేరీ మెకిలప్ కథ కేథలిక్కులకే సంబంధించింది కాదు. దీపం పెట్టేవాళ్లకీ, రోజా ఉండేవాళ్లకీ, మాల వేసుకునేవాళ్లకీ, ఆదివారం గుడికి పోయేవాళ్లకీ ఇందులో ఒక లెక్క దొరుకుతుంది. నియమం పాటించినందుకు దేవుడు జీతం పెంచడు. పీఆర్ తొందరగా రాదు. ఒక్కోసారి నియమం పాటించినందుకే నష్టపోతాం, సొంతవాళ్లే తప్పుపడతారు. మరి ఎందుకు పాటించాలి? మాట ఇచ్చాం కాబట్టి. విన్నవాడు పైన ఉన్నాడు కాబట్టి. ఆమె ముప్పయ్యేళ్లు కూడా నిండకముందే తేల్చుకున్న సంగతి ఇది.

ఇంకొకటి కూడా ఆమె దగ్గర నేర్చుకోవాలి. నియమం గట్టిగా పట్టుకున్నవాళ్లకు ఎదుటివాళ్ల మీద కోపం, చిన్నచూపు రావడం తేలిక. నేను చేస్తున్నాను, వాడు చెయ్యట్లేదు అని. ఆమెకు ఆ కోపం రాలేదు. తనను వెలి వేసిన మనిషి కోసం ప్రార్థన చేశారు. తలుపు తీసిన యూదుణ్ణి, ప్రొటెస్టెంటును సొంతవాళ్లుగా చూసుకున్నారు. నియమం నిజంగా దేవుడి కోసమేనా, మన గొప్ప కోసమా అని తేల్చేది ఈ ఒక్క గుణమే.

రేపు పొద్దున్న మళ్లీ నాలుగింటికి అలారం మోగుతుంది. లేచి, దండం పెట్టుకుని, డ్యూటీకి వెళ్దాం.